ఫోను ఏ వేళకు చేతికొచ్చింది?

గత సంచికలో రెండేళ్ళ పిల్లల భోజనం గురించి రాస్తూ, అన్నం తినిపించేటప్పుడు ఫోను చూపించవద్దని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళిపోయాను. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క వాక్యం మీదనే. "వద్దని చెప్పడం తేలికే డాక్టరుగారూ, ఎలా మాన్పించాలో చెప్పండి" అని ఒక తల్లి సూటిగా అడిగారు. ఆవిడ అడిగింది న్యాయమైన మాట కనుక, విజయవాడ, గుంటూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిని ఎంచుకుని వాటికే ఈ పేజీలు కేటాయించాను. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

సమాధానాలకు ముందు ఒక మాట. పిల్లల చేతికి ఫోను రోజుకు ఎంతసేపు ఇస్తున్నారని అడగడం నేను మానేసి చాలాకాలమైంది. అలా అడిగితే దాదాపు అందరూ "అరగంట" అంటారు. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని కాదు. ముక్కలు ముక్కలుగా ఇచ్చిన దాన్ని ఎవరూ కూడి చూసుకోరు. అందుకే ఇప్పుడు "ఏ వేళకు ఇస్తున్నారు?" అని అడుగుతున్నాను. పొద్దున పెద్దవాళ్ళ హడావుడి వేళ, అన్నం వేళ, సాయంత్రం వంట వేళ, రాత్రి పడుకోబెట్టే వేళ అని ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఆ ప్రతి వేళలోనూ ఇంట్లో ఒక పెద్ద మనిషి ఒంటరిగా రెండు మూడు పనుల మధ్య నలిగిపోతూ కనిపిస్తారు. బిడ్డ ఫోనును లాక్కోవడం తర్వాత జరిగే కథ. ముందు మనం ఆ వేళను ఫోనుకు అప్పగిస్తాం, మర్నాడు అదే వేళకు బిడ్డ తనంతట తాను చెయ్యి చాస్తాడు.

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ళ మూడు నెలలు. నేను బ్యాంకులో పనిచేస్తాను, మా వారికి ఆటోనగర్‌లో ఉద్యోగం. పగలంతా మా అత్తగారు బాబును చూసుకుంటారు. ఫోను చూపిస్తే తప్ప వాడు ముద్ద నోట పెట్టడు. తీసేస్తే నోట్లో ఉన్నది ఉమ్మేసి, నేలమీద పడి తల కొట్టుకుంటాడు. "ముందు బిడ్డ కడుపు నిండాలి, ఫోను సంగతి పెద్దయ్యాక చూద్దాం" అని అత్తగారు అంటారు. మాటలు కూడా పది పన్నెండుకు మించి రాలేదు. ఆవిడతో గొడవ పడకుండా ఈ అలవాటు మాన్పించే దారి ఉందా? (ఒక తల్లి, పటమట, విజయవాడ)

జవాబు: ఉందమ్మా. అయితే మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసిన మాటల సంగతి ముందు చూడాలి. రెండేళ్ళు నిండేసరికి పిల్లలు సాధారణంగా రెండేసి మాటలు కలిపి "అమ్మా రా", "పాలు వద్దు" అనగలుగుతారు. మీ బాబు ఆ వయసు దాటి మూడు నెలలైంది కాబట్టి, ఫోను మాన్పించే ప్రయత్నంతో పాటే వినికిడి పరీక్ష చేయించండి. ఫోను మోగితే తిరిగి చూస్తున్నాడు కదా అని వినికిడి బాగుందని అనుకోవద్దు. కొన్ని శబ్దాలు వినిపించి, మాటల్లోని సన్నని ధ్వనులు వినిపించని పిల్లలు ఉంటారు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, నచ్చిన వస్తువును వేలితో చూపించి "చూశావా" అన్నట్టు మీ ముఖంలోకి చూస్తున్నాడా అన్నవి కూడా గమనించండి. ఇవి కనిపించకపోతే పిల్లల ఎదుగుదలను పరీక్షించే వైద్యులకు వెంటనే చూపించాలి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లల్లో ఇటువంటి లోపాలను ముందుగా గుర్తించేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి కేంద్రాలు పనిచేస్తున్నాయి. అక్కడ ఈ పరీక్షలు ఉచితం. మాటలు ఆలస్యం కావడానికి ఫోను ఒక్కటే కారణమని నేను అనడం లేదు. "ఫోను మానేస్తే మాటలు వాటంతటవే వస్తాయిలే" అని ఆరు నెలలు ఆగిపోయిన తల్లిదండ్రులను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫోనుకూ మాటలకూ సంబంధం ఎక్కడుందో నాకు బాగా అర్థమైన రోజు ఒకటుంది. ఇరవై నెలల బాబు ఒకడు మా క్లినిక్‌లో తల్లి ఒడిలో కూర్చుని వీడియో చూస్తున్నాడు. మధ్యలో ప్రకటన వచ్చింది. వాడు కదలలేదు, ఏడవలేదు. బొటనవేలు పైకెత్తి, తెర కింద కుడివైపు మూలకు వెంట్రుకవాసి ఎడంగా ఆపి ఉంచాడు. ఐదు సెకన్లు గడిచి అక్కడ "స్కిప్" అనే మాట కనపడగానే వేలు దించాడు. అక్షరం తెలియని బిడ్డ ఆ చోటును, ఆ వ్యవధిని అంత కచ్చితంగా పట్టుకున్నాడంటే వాడి తెలివికి ఏ లోటూ లేదు. అయినా ఆ రోజుకు వాడు తల్లిని "అమ్మా" అని పిలవడం లేదు. కావలసినదంతా వేలు కదిపితే దొరుకుతున్నప్పుడు నోరు తెరవవలసిన అవసరం వాడికి ఎక్కడ వస్తుంది? బిడ్డ "బ్బ" అంటే తల్లి "బువ్వా? బువ్వ కావాలా నాన్నా?" అని తిరిగి అంటుంది, బిడ్డ ఆ ముఖం చూసి మళ్ళీ "బ్బువ్వ" అంటాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే మాట పుడుతుంది. వీడియో ఎంత చక్కగా మాట్లాడినా బిడ్డ అన్న "బ్బ"కు తిరిగి జవాబు చెప్పదు.

ఇక భోజనం. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ మొదటి పుట్టినరోజుకు సుమారు 9 కిలోలవుతాడు. రెండో ఏడాది మొత్తంలో పెరిగేది 2 నుంచి రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. అది జబ్బు కాదు, ఆ వయసు తీరు. కానీ మొన్నటిదాకా గిన్నె ఖాళీ చేసిన బిడ్డ నేడు నాలుగు ముద్దలకే మొహం తిప్పుకుంటే ఇంట్లో అందరికీ గుండె జారుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే చాలా ఇళ్ళలో ఫోను కంచం పక్కకు వస్తుంది. తెర చూస్తున్న బిడ్డకు ఆకలి తీరిన సంగతి తెలియదు, తింటున్నది పప్పో చారో తెలియదు, బుగ్గన ముద్ద పెట్టుకుని నిమిషాల తరబడి నమలకుండా ఉండిపోతాడు. మనం పెడుతున్నాం, వాడు మింగుతున్నాడు అంతే. తినడం వాడు నేర్చుకోవడం లేదు.

మీ అత్తగారి భయం బిడ్డ చిక్కిపోతాడని. దాన్ని మాటలతో కొట్టిపారేయవద్దు. ఆవిడను మీతో పాటు పిల్లల వైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళి, బాబు బరువు తూయించి, ఎదుగుదల పటంలో ఆ బరువు ఎక్కడుందో ఆవిడకే చూపించమనండి. రెండు వారాల తర్వాత మళ్ళీ తూయించండి. ఫోను లేకుండా తిన్నా బరువు నిలబడిందని తూకం చెబితే ఆవిడ నమ్ముతారు. కోడలు చెప్తే అది వాదన అవుతుంది.

మొదలుపెట్టే ముందు పాల లెక్క చూడండి. రోజుకు అర లీటరుకు మించి పాలు తాగే బిడ్డకు అన్నానికి ఆకలి ఉండదు, రక్తహీనత కూడా రావచ్చు. సీసాతో తాగుతుంటే గ్లాసుకు మార్చండి. భోజనానికీ భోజనానికీ మధ్య రెండున్నర మూడు గంటల వ్యవధి ఉంచి, ఆ మధ్యలో బిస్కెట్టు ముక్క కూడా ఇవ్వకండి. మీకూ మీ వారికీ వరుసగా రెండు మూడు రోజులు సెలవు కలిసొచ్చినప్పుడు మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే మొదటి రోజుల ఏడుపును అత్తగారి ఒక్కరి మీద వదిలిపెట్టడం న్యాయం కాదు. ఫోనులన్నీ పడకగది బీరువాలో పెట్టండి, పెద్దవాళ్ళవి కూడా. బాబును మీతో పాటు నేలమీద కూర్చోబెట్టి, వాడి కంచం వాడికి పెట్టి, నెయ్యి వేసిన పప్పన్నం రెండు ముద్దలు కంచం అంచున ఉంచండి. చెయ్యి పెట్టి పిసుకుతాడు, ఒళ్ళంతా పూసుకుంటాడు, పూసుకోనివ్వండి. ఇరవై ముప్పై నిమిషాలు చూసి, తినకపోతే కోపపడకుండా కంచం తీసేయండి. ఎప్పుడు పెట్టాలో, ఏం పెట్టాలో మీరు నిర్ణయించండి. ఎంత తినాలో వాడికి వదిలేయండి.

ఏడుస్తాడు. రెండో రోజు మొదటి రోజు కంటే ఎక్కువ ఏడవవచ్చు, అది చూసి ప్రయత్నం బెడిసికొట్టిందని అనుకోవద్దు. పాత దారి పనిచేయడం లేదని తెలిసినప్పుడు బిడ్డ దాన్ని ఇంకొంచెం గట్టిగా ప్రయత్నిస్తాడు. చాలామంది పిల్లల్లో నాలుగైదు రోజులకు ఆ జోరు తగ్గుతుంది. మూడో రోజు సాయంత్రం "పోనీలే, ఈ ఒక్కపూట" అని ఇస్తే మాత్రం, ఎంతసేపు ఏడిస్తే ఫోను బయటికి వస్తుందో మనమే లెక్క నేర్పినట్టవుతుంది. తల కొట్టుకునేటప్పుడు కింద దిండో దుప్పటో వేసి, పక్కనే కూర్చోండి. బతిమాలవద్దు, అరవవద్దు, వాణ్ణి వదిలి వెళ్ళిపోవద్దు. ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారినా, స్పృహ తప్పినా వైద్యులకు చూపించాలి.

మీ అత్తగారు ఒక ప్రశ్న వేయవచ్చు: "మేం డాబా మీద కాకిని, చందమామను చూపించి తినిపించలేదా? అదీ మరపించడమే కదా?" అని. మరపించడమే, కాదనను. కానీ కాకిని చూపించేటప్పుడు ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు, బిడ్డ "కా కా" అంటే తిరిగి అన్నారు, కాకి ఎగిరిపోతే ఇద్దరూ కలిసి పైకి చూశారు. ముద్ద వెంట మనిషి ఉంది. మీ వారిని చిన్నప్పుడు ఎలా తినిపించారో ఆవిడను అడిగి చెప్పించుకోండి. ఆ కబుర్లు బాబు ముందే అన్నం దగ్గర చెప్పుకుంటే సగం పని అక్కడే అవుతుంది.

ప్రశ్న: మాది మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. మా పాపకు ఐదేళ్ళు, యూకేజీ చదువుతోంది. నేను ఇంటికి రాగానే జేబులోంచి ఫోను తీసుకుంటుంది. ప్యాటర్న్ ఎన్నిసార్లు మార్చినా రెండు రోజుల్లో పట్టేస్తుంది. పోయిన వారం ఒక రైతు మిర్చి టిక్కీల (బస్తాల) ఫోటోలు ఫోనులోంచి చెరిపేసింది, ఏదో ఆటలో నొక్కితే నా ఖాతాలోంచి 899 రూపాయలు పోయాయి. నా పాత ఫోను తనకే ఇచ్చేస్తే గొడవ వదులుతుందని మా ఆవిడ అంటోంది. ఏమంటారు? (ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: పాత ఫోను ఇవ్వకండి. ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడను. మీ ఫోను పాప చేతిలో ఉంటే కనీసం ఫోను వచ్చినప్పుడైనా వెనక్కి తీసుకుంటారు. తనదంటూ ఒకటి ఇస్తే అది దుప్పటి కిందికి, డాబా మెట్ల మీదికి వెళ్తుంది, ఎవరు ఏం చూపిస్తున్నారో ఇంట్లో ఎవరికీ తెలియదు. అంతకంటే హాల్లో టీవీ ఎంతో నయం: దూరంగా ఉంటుంది, పదిమందికీ కనిపిస్తుంది, కట్టేస్తే అందరికీ కట్టేసినట్టే.

ప్యాటర్న్ పిల్లలకు బొమ్మ లాంటిది. మీరు గీస్తున్నప్పుడు ఒక్కసారి చూస్తే చాలు, పైగా వేలి జిడ్డు అద్దం మీద గీతగా మిగిలే ఉంటుంది. ఆరంకెల పిన్ పెట్టి, మామూలు వాడకానికి మీ వేలిముద్ర వాడుకోండి. ఎప్పుడైనా పాపకు ఒక వీడియో చూపించవలసి వస్తే ఆండ్రాయిడ్ ఫోనుల సెక్యూరిటీ సెట్టింగుల్లో యాప్ పిన్నింగ్ లేదా స్క్రీన్ పిన్నింగ్ అనే సదుపాయం ఉంటుంది. అది పెడితే ఆ ఒక్క యాప్ తప్ప మరొకటి తెరుచుకోదు, బయటికి రావాలంటే మీ పిన్ అడిగేలా పెట్టుకోవచ్చు. ఐఫోనులో ఇదే పనికి గైడెడ్ యాక్సెస్ ఉంది. యూట్యూబులో ఒకదాని వెంట ఒకటి వచ్చే ఆటోప్లేను కట్టేయండి. పిల్లలను ఎక్కువసేపు కూర్చోబెట్టేది మొదటి వీడియో కాదు, అడగకుండా వచ్చే తర్వాతి వీడియో.

డబ్బు సంగతి. మీ బ్యాంకు మెసేజి చూసి అది ఏ దారిలో వెళ్ళిందో ముందు తెలుసుకోండి. ప్లే స్టోరులో కార్డు వివరాలు దాచిపెట్టి ఉంటే, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డో వేలిముద్రో అడగాలని అదే స్టోరు సెట్టింగుల్లో పెట్టవచ్చు. యూపీఐ లైట్‌లో వేసుకున్న చిన్న మొత్తాలు పిన్ లేకుండానే వెళ్తాయి కనుక, పిల్లలు ముట్టుకునే ఫోనులో అది ఉంచవద్దు. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి, మీకు తెలియకుండా నెలనెలా కట్ అయ్యే ఏర్పాటు ఏదైనా చేరిందేమో చూసి రద్దు చేయండి. పిల్లలు పొరపాటున కొన్న వాటికి స్టోరులోనే డబ్బు వాపసు అడగవచ్చు, ఎంత త్వరగా అడిగితే అంత మంచిది. అది ఆట కొనుగోలు కాక ఎవరో మోసగించి లాగారని తేలితే సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి. పోయిన ఫోటోల కోసం ఫోటోల యాప్‌లోని చెత్తబుట్ట చూడండి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన చిత్రాలు తీసేసిన తర్వాత కూడా 60 రోజులు అందులో ఉంటాయి. రైతుకు ఫోటోల సంగతి దాచకుండా చెప్పే ఉంటారని అనుకుంటున్నాను.

ఈ తాళాలన్నీ వేసినా, మీ ఉత్తరంలో "నేను ఇంటికి రాగానే" అన్న మాట అలాగే ఉండిపోతుంది. యార్డు నుంచి మీరు ఏ వేళకు వస్తారో పాపకు తెలుసు. ఆ వేళకు మీరు చెవి దగ్గర ఫోనుతో, రేట్లు మాట్లాడుతూ గుమ్మం దాటుతున్నారేమో ఒక్కసారి గుర్తు చేసుకోండి. నాన్న దగ్గర అన్నిటికంటే విలువైన వస్తువు ఏదో, నాన్న దేన్ని వదలడో పాప మిమ్మల్ని చూసే తెలుసుకుంది; అందుకే అదే అడుగుతోంది. చివరి ఫోను వీధి మలుపులోనే మాట్లాడేసి, దాన్ని గుమ్మం పక్క గూటిలో పెట్టి, మిర్చి ఘాటు పోయేలా చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని (ఆ చేతులు పిల్లల కళ్ళకు తగిలితే ఎంత మంటో మీకు చెప్పనక్కరలేదు), మొదటి పావుగంట పాపకు ఇవ్వండి. ఆ పావుగంటలో ఏం చేయాలో ఆమే చెబుతుంది. గుర్రమవ్వమంటుంది, దాక్కోమంటుంది. తర్వాత ఫోను తీసుకుని మీ పని మీరు చూసుకున్నా అప్పుడు అంత పేచీ ఉండదు. "ఇది నాన్న పని వస్తువు, నాన్నను అడగకుండా ముట్టుకోకూడదు" అన్న మాట ఐదేళ్ళ పిల్లకు అర్థమవుతుంది, కానీ అది అన్ని రోజులూ ఒకే మాటగా ఉండాలి. బంధువులు వచ్చినప్పుడు మనం మాట్లాడుకోవడానికి వీలుగా అదే ఫోను చేతిలో పెడితే ఆ మాటకు విలువ పోతుంది.

ప్రశ్న: మా పాపకు ఏడాదిన్నర. వీడియోలు చూసి రంగుల పేర్లు, అంకెలు ఇంగ్లీషులో చెబుతోంది. చదువుకు పనికొచ్చేవే చూపిస్తున్నాం. ఇందులో తప్పేముంది? (ఒక తల్లి, లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: ఒక చిన్న పరీక్ష చేయండి. వీడియో లేనప్పుడు రైతుబజారు సంచిలోంచి ఒక టమాటా తీసి ఇది ఏ రంగని అడగండి. చాలామంది పిల్లలు వరుసగా పాట అప్పజెప్పినట్టు రంగులు చెబుతారు కానీ టమాటాను చూసి ఎరుపు అనలేరు. ఏడాదిన్నరకు అనలేకపోవడం లోపం కాదు. అనలేనిదాన్ని వచ్చిందని మనం లెక్కవేసుకోవడమే పొరపాటు.

ఈ విషయం మీద 2003లో వెలువడిన ఒక అధ్యయనాన్ని నేను తరచు తల్లులకు చెబుతుంటాను. అమెరికాలోని సియాటెల్‌లో పరిశోధకురాలు పట్రీషియా కూల్ బృందం 9 నెలల పిల్లలకు వారు ఎన్నడూ వినని చైనా భాషను 12 సార్లు వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు ఆ భాష ధ్వనులను వేరు చేసి పట్టుకున్నారు. అవే మాటలు వీడియోలో చూపిస్తే ఏమీ పట్టుకోలేదు. మాట్లాడినవారు వారే, మాటలు అవే, మారినదల్లా మనిషి ఎదురుగా ఉండడం, లేకపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో ఇచ్చిన సూచనల్లో రెండేళ్ళలోపు వారికి తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంటకు మించవద్దని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని ఉంది. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేది కూడా దాదాపు ఇదే. ఇంకో ఆరు నెలలు ఆగి, మంచి కార్యక్రమాన్ని ఎంచి, పక్కన కూర్చుని, అందులో వచ్చినదాన్ని ఇంట్లో చూపిస్తూ చెబితే పాప నేర్చుకుంటుంది. ప్రస్తుతానికి టమాటా చాలు, అదీ తెలుగులో.

ప్రశ్న: మా వారు దుబాయిలో ఉంటారు. పద్నాలుగు నెలల బాబును రోజూ వీడియో కాల్‌లో చూస్తారు. అది కూడా మానేయాలా? (ఒక తల్లి, గుణదల, విజయవాడ)

జవాబు: మానవద్దు. నేను పైన చెప్పిన సూచన ఇచ్చిన వైద్యుల సంఘమే, బంధువులతో అప్పుడప్పుడు వీడియోలో మాట్లాడడాన్ని రెండేళ్ళలోపు పిల్లలకు కూడా మినహాయించింది. తెర మీద ఉన్నది బిడ్డ నవ్వితే తిరిగి నవ్వే మనిషి. మీ వారిని బాబు పేరు పెట్టి పిలవమనండి, "బూచి" ఆట ఆడమనండి; మీరు పక్కనే ఉండి "నాన్న ఏడీ? అదుగో" అంటూ ఉండండి. కాల్ అయిపోగానే ఫోను మీ చేతికి రావాలి, అందులోంచే వీడియోలకు దారి తీయకూడదు.

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. కొడుకు, కోడలు ఉద్యోగాలకు వెళ్తే మూడేళ్ళ మనవడిని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నేనూ మా ఆవిడా చూస్తాం. నాకు మోకాళ్ళ నొప్పులు, వాడి వెంట పరుగెత్తలేను. ఫోను ఇస్తే కుదురుగా కూర్చుంటాడు. సాయంత్రం కోడలు వచ్చి ఫోనులో ఎంతసేపు చూశాడో లెక్క తీసి, "ఇన్ని గంటలా మామయ్యగారూ?" అంటుంది. పెద్దవయసులో ఈ మాట పడలేకపోతున్నాను. (ఒక తాతయ్య, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడేళ్ళ బిడ్డను రోజుకు తొమ్మిది గంటలు చూడడం జీతం తీసుకునే యువకులకే కష్టమైన పని. మీరిద్దరూ ఆ వయసులో, ఆ మోకాళ్ళతో అది చేస్తున్నారు. ఆ ఇంట్లో ముందుగా పలకవలసిన మాట కృతజ్ఞత. ఈ పేజీని మీ అబ్బాయికి, కోడలికి చూపించండి. సాయంత్రం లెక్క అడగడం కంటే, రాత్రే కూర్చుని మర్నాడు ఏ వేళకు ఏం చేయాలో నలుగురూ కలిసి అనుకోవడం, దానికి కావలసిన సామాను తెచ్చిపెట్టడం, వీలైతే పూటకు రెండు గంటలు ఒక సహాయకురాలిని పెట్టడమో దగ్గర్లో ఆటబడికి పంపడమో చేయడం వారి బాధ్యత. చేతిలో ఇంకేమీ పెట్టకుండా ఫోను ఒక్కటే తీసుకోమంటే పెద్దవారు ఏం చేస్తారు?

మీ కోడలి ఆందోళన కూడా నిజమైనదే. మూడేళ్ళ వాడికి గంటకు మించి తెర వద్దు, రోజుకు మూడు గంటలైనా ఒళ్ళు కదలాలి, పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు నిద్ర ఉండాలి. ఆ గంటను మీకు అత్యవసరమైన వేళకు దాచుకోండి. మీ ఆవిడ వంటలో ఉండి, మీ మోకాళ్ళు మొరాయించే పదకొండు గంటల వేళకు అరగంట టీవీ పెట్టి, మీరూ పక్కనే కూర్చుని చూడండి. సాయంత్రం కోడలు రావడానికి ముందు మరో అరగంట ఉంచుకోవచ్చు. ఫోను మాత్రం ఇంట్లో వాడికి కనపడవద్దు. పగటి నిద్రకు ముందు తెర అసలే వద్దు. పొద్దున ఎండ ముదరక ముందు, సాయంత్రం ఐదు తర్వాత వాడిని వీధిలోనో పార్కులోనో వదిలి మీరు బల్ల మీద కూర్చోవచ్చు. పగటి వెలుతురులో ఆడే పిల్లలకు దూరపు చూపు మందగించే ముప్పు తక్కువ.

మిగిలిన వేళలకు కూర్చుని చేసేవే చెబుతాను, పరుగెత్తేవి కాదు. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు వాడికీ ఒక గిన్నె ఇవ్వండి (గింజలు ముక్కులోకి, నోట్లోకి వెళ్ళకుండా కళ్ళు వాడిమీదే ఉండాలి). ఉతికిన బట్టల్లోంచి జత మేజోళ్ళు వెతికించండి. "కాళ్ళా గజ్జా" ఆటకు మోకాళ్ళతో పనిలేదు, కాళ్ళు చాచి కూర్చుంటే చాలు.

అన్నిటికంటే మీ దగ్గర ఉన్నది మరో ఇంట్లో లేదు. మీరు రైల్వేలో పనిచేశారు. నాలుగు ఖాళీ అగ్గిపెట్టెలు దారంతో కట్టి ఆ వరండాలో రైలు నడిపించండి. విజయవాడలో పచ్చజెండా మీరు ఊపండి, కృష్ణా కెనాల్, మంగళగిరి, నంబూరు, పెదకాకాని, గుంటూరు అని ఒక్కో స్టేషన్‌కూ ఒక్కో దిండు పెట్టి, పేరు మీరు పిలిస్తే బండి వాడు ఆపాలి. మొదటి రోజు పది నిమిషాలకే వదిలేసి ఫోను అడుగుతాడు. మర్నాడు అదే వేళకు మళ్ళీ పెట్టండి. వారం తిరిగేసరికి స్టేషన్ పేరు వాడే ముందు చెబుతాడు, ఎవరు ఎక్కారో ఎవరు దిగారో మిమ్మల్ని అడుగుతాడు. అగ్గిపెట్టెల్లో పుల్లలు ఒక్కటి కూడా మిగలకుండా చూసుకోండి.